రిపోర్టులో ఫర్‌ఫర్, చదివిందేమో గ్లోబోసా... నా శోభికి కారణం ఏ ఈస్ట్?

ప్రశ్న: మేడం గారూ, నాకు 26 ఏళ్లు. భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మూడేళ్లుగా ప్రతి వేసవిలో వీపు మీద, ఛాతీ మీద, మెడ కింద తెల్ల మచ్చలు వస్తున్నాయి. మొదట్లో మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబ్ రాశాను. దురద తగ్గింది కానీ మచ్చలు ఇంకా పాకాయి. ఈ ఏడు స్కిన్ డాక్టర్ గారి దగ్గరికి వెళ్తే శోభి అన్నారు. పొట్టు గీరి టెస్టు చేయించారు. రిపోర్టులో ‘మలసీజియా ఫర్‌ఫర్’ అని వచ్చింది. ఆయన రాసిన షాంపూ, క్రీము వాడి ఆరు వారాలైంది. మచ్చలు తెల్లగా అలాగే ఉన్నాయి. ఈలోగా ఒక వ్యాసంలో శోభికి అసలు కారణం ఫర్‌ఫర్ కాదు, గ్లోబోసా అని చదివాను. అంటే నా రిపోర్టు తప్పా? తప్పు జాతికి మందు వాడానా? ఒక ల్యాబ్ వాళ్లు కల్చర్ చేసి, అంటే ప్లేటు మీద పెంచి చూసి, జాతి ఏదో చెబుతామన్నారు. 1,800 రూపాయలు, రెండు వారాలు పడుతుందట. చేయించుకోమంటారా? మా దగ్గరికి రైతు చెరువు నీళ్లు తెస్తే ప్లేటు మీద గ్రీన్ కాలనీలా, ఎల్లో కాలనీలా అని చూడకుండా మేం ఏమీ చెప్పం. మనుషుల విషయంలో ఎందుకు చూడరు? మా అమ్మ ఇది బొల్లి అని భయపడుతోంది. రిపోర్టులో ఈస్ట్ అన్న మాట విని బ్రెడ్డు, పులిసిన దోసెలు మాన్పించింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, అదొక టెన్షన్.
— ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు అమ్మగారికి చెప్పాల్సిన మాట. గీరిన పొట్టులో ఈ ఫంగస్ కనిపించిందంటే అవి శోభి మచ్చలే, బొల్లి కాదు. ఇక మీకు చెప్పాల్సిన మాట. మీరు తప్పు జాతికి మందు వాడలేదు. ఫర్‌ఫర్, గ్లోబోసా రెండూ మలసీజియా అనే ఈస్ట్‌లో, అంటే ఒక రకం ఫంగస్‌లో, జాతులే. శోభికి రాసే షాంపూలు, క్రీములు ఫర్‌ఫర్ మీదా పనిచేస్తాయి, గ్లోబోసా మీదా పనిచేస్తాయి. ఆ 1,800 రూపాయలు మీ దగ్గరే ఉంచుకోండి.

అలాగని మీ ప్రశ్నను ఇంతటితో వదిలేయలేను. నేను మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. మీరు అడిగినట్టు అడిగే విద్యార్థి క్లాసులో ఒక్కరున్నా ఆ రోజు పాఠం బాగా సాగుతుంది. పైగా మీరు రోజూ ప్లేట్లు పోసేవారు, కాలనీలు లెక్కపెట్టేవారు. మీకు ఈ సంగతి పూర్తిగానే చెప్పాలి.

మీ రిపోర్టు ఎలా తయారైందో చూద్దాం. మొద్దు బ్లేడుతో మచ్చ మీది పొట్టును గీరి స్లైడు మీద వేస్తారు. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కాసేపు ఆగుతారు. చర్మపు పొట్టు కరిగి తేటగా అవుతుంది, ఫంగస్ గోడ మాత్రం కరగదు. మైక్రోస్కోప్ కింద పెట్టి ఫోకస్ సరిచేయగానే పొట్టి పొట్టి వంకర పోగులు, వాటి మధ్య గుత్తులు గుత్తులుగా గుండ్రటి గింజలు కనిపిస్తాయి. మా పిల్లలకు నేను దీన్ని సేమియా సగ్గుబియ్యం పాయసం అని చెబుతాను. సేమియాను చేత్తో బాగా చిదిమి వేస్తే ముక్కలు ఎలా ఉంటాయో, పోగులు అలా ఉంటాయి. ఒకసారి చూసినవాళ్లు ఇక మర్చిపోరు. తామరలో పోగులు సన్నగా, పొడవుగా, కొమ్మలు వేస్తూ పోతాయి, ఈ గింజల గుత్తులు ఉండవు. కాబట్టి ఆ స్లైడు చూసినవారు ఇది శోభి అని గట్టిగా చెప్పగలరు.

కానీ ఆ స్లైడు చూసి జాతి పేరు చెప్పలేరు. పాయసం చూసి సగ్గుబియ్యం అని చెప్పగలం, ఏ మిల్లు సరుకో చెప్పలేం కదా. గింజలు బాగా గుండ్రంగా ఉంటే గ్లోబోసా కావచ్చని అనుమానించవచ్చు. అంతకు మించి ముందుకు పోకూడదు.

మరి మీ రిపోర్టులో ఫర్‌ఫర్ అని ఎందుకు రాశారు? అది అలవాటుగా వచ్చిన పేరు. ఆ అలవాటు వెనక నూట యాభై ఏళ్లకు పైగా కథ ఉంది. 1846లో ఐక్‌స్టెడ్ అనే జర్మన్ వైద్యుడు ఈ మచ్చల్లో ఫంగస్ ఉందని మొదట గుర్తించాడు. 1853లో ఫ్రాన్సులో రోబిన్ దానికి ఫర్‌ఫర్ అని పేరు పెట్టాడు. ఫర్‌ఫర్ అంటే లాటిన్‌లో తవుడు. శోభి మచ్చను గోరుతో గీరితే రాలే సన్నటి పొట్టు అచ్చం తవుడులాగే ఉంటుంది, అందుకని ఆ పేరు. ఈ జబ్బుకు వైద్య పుస్తకాల్లో ఉన్న పిటిరియాసిస్ అన్న మాట కూడా గ్రీకులో తవుడు అన్న అర్థం నుంచి వచ్చిందే. ఈ తవుడును గుర్తుపెట్టుకోండి, మీ మచ్చల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ కావాలి. తర్వాత 1889లో బెయ్యాన్ అనే వృక్ష శాస్త్రవేత్త, ఈ ఫంగస్‌ను పరిశీలించిన మలసే గారి పేరు మీద దీనికి మలసీజియా అని ప్రజాతి పేరు, అంటే దగ్గరి జాతులన్నిటికీ కలిపి ఇంటిపేరు లాంటిది, ఇచ్చాడు.

అక్కడి నుంచి పేర్ల గందరగోళం మొదలైంది. చర్మం మీద ఈస్ట్ రూపంలో కనిపించినదాన్ని ఒక పేరుతో, మచ్చల్లో పోగుల రూపంలో కనిపించినదాన్ని ఇంకో పేరుతో పిలిచారు. కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఒవాలే, గుండ్రంగా ఉంటే ఆర్బిక్యులారే అన్నారు. రెండూ ఒకే జీవి అని కొందరు, కాదని కొందరు వాదించారు. చివరికి అన్నింటినీ కలిపి ఫర్‌ఫర్ అనే ఒకే పేరు కిందికి తెచ్చారు. 1996లో గెహో, మిజ్‌లీ, గీయో అనే ముగ్గురు పరిశోధకులు జన్యువుల ఆధారంగా ఈ మూటను విప్పారు. మలసీజియాలో మొత్తం ఏడు జాతులు తేలాయి: ఫర్‌ఫర్, పాకిడెర్మాటిస్, సింపోడియాలిస్, గ్లోబోసా, ఆబ్ట్యూసా, రెస్ట్రిక్టా, స్లూఫియే. ఇప్పుడా లెక్క పదిహేను దాటింది.

కాబట్టి 1996కు ముందు రాసిన పుస్తకంలో ఫర్‌ఫర్ అని ఉంటే, ఈ రోజు మనం గ్లోబోసా అనేది కూడా అందులో కలిసి ఉండవచ్చు. ఆ పుస్తకాలు చదువుకున్న తరం ఇంకా ల్యాబుల్లో ఉంది, ఆ పేరు రిపోర్టు నమూనాల్లోనూ ఉండిపోయింది. మీ రిపోర్టు జబ్బును సరిగ్గానే పట్టింది. జాతి పేరు మాత్రం పరీక్ష చేయకుండా రాసినది. ‘మలసీజియా ప్రజాతి ఈస్ట్ కనిపించింది’ అని రాసి ఊరుకుంటే సరిపోయేది. మా దగ్గర రిపోర్టులు రాసేవాళ్లకు నేను ఇదే చెబుతాను. చూసినదే రాయాలి, చూడనిది రాయకూడదు. ఒక్క మాట ఎక్కువ రాయడం వల్ల మీరు ఇన్ని రోజులు నిద్ర పాడుచేసుకున్నారు.

ఇప్పుడు కల్చర్ సంగతి. చెరువు నీళ్లలోని విబ్రియో బ్యాక్టీరియాను పెంచడానికి మీరు వాడే టీసీబీఎస్ ప్లేటు చాలా సౌకర్యమైనది. చక్కెరను పులియబెట్టగల విబ్రియో ఎల్లో కాలనీ ఇస్తుంది, పులియబెట్టలేనిది గ్రీన్ కాలనీ ఇస్తుంది. ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. మలసీజియా అలా లొంగదు. మనం ఫంగస్ కోసం మామూలుగా వాడే సాబురో అగార్ అనే జెల్లీ లాంటి మేత మీద వేస్తే, మనుషుల చర్మం మీద ఉండే మలసీజియా పెరగదు. దానికి కొవ్వు కావాలి. బతకడానికి కావలసిన కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకునే శక్తి దానికి లేదు. 2007లో గ్లోబోసా జన్యుపటం మొత్తం చదివినప్పుడు ఆ పని చేసే ఎంజైమ్ జన్యువే అందులో లేదని తేలింది. అందుకే అది మన చర్మం మీది నూనెను నమ్ముకుని బతుకుతుంది. నూనె గ్రంథులు ఎక్కువగా ఉండే వీపు, ఛాతీ, మెడ, భుజాల మీదే శోభి ఎందుకు వస్తుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. నూనె గ్రంథులు ఇంకా పనిచేయని చిన్న పిల్లల్లో తక్కువగా, యుక్త వయసు వాళ్లలో ఎక్కువగా రావడానికీ కారణం అదే.

ల్యాబ్‌లో దీన్ని పెంచాలంటే అగార్ మీద ఆలివ్ నూనె పోయాలి, లేదా ఎద్దు పైత్యరసం, ట్వీన్ (కొవ్వు ఆమ్లంతో చేసిన సబ్బు లాంటి పదార్థం), గ్లిజరాల్ మోనో ఓలియేట్ కలిపిన డిక్సన్ అగార్ వాడాలి. 32 డిగ్రీల దగ్గర ఒకటి రెండు వారాలు ఆగాలి. ప్లేటు ఎండిపోకుండా చూసుకోవాలి. అప్పుడు మీగడ రంగులో, మెరుపు లేని కాలనీలు వస్తాయి. గ్లోబోసా కాలనీని లూప్‌తో తాకితే పొడిపొడిగా విరుగుతుంది.

అసలు పని అప్పుడే మొదలవుతుంది. కాలనీ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తాం. బుడగలు రాకపోతే రెస్ట్రిక్టా కావచ్చు, మిగతా ముఖ్యమైనవాటికి బుడగలు వస్తాయి. తర్వాత అగార్‌లో గుంతలు చేసి ట్వీన్ 20, 40, 60, 80 విడివిడిగా పోసి, ఏ గుంత చుట్టూ ఈస్ట్ పెరిగిందో చూస్తాం. ఫర్‌ఫర్ నాలుగింటి చుట్టూ పెరుగుతుంది. గ్లోబోసా దేని చుట్టూ సరిగా పెరగదు. సింపోడియాలిస్ ట్వీన్ 20 దగ్గర తడబడి మిగతా మూడింటి చుట్టూ బాగా పెరుగుతుంది. ఎస్క్యులిన్ అనే మొక్కల పదార్థం ఉన్న ట్యూబులో వేస్తే సింపోడియాలిస్ దాన్ని నల్లగా మార్చేస్తుంది, గ్లోబోసా మార్చదు. 40 డిగ్రీల దగ్గర ఫర్‌ఫర్ హాయిగా పెరుగుతుంది, గ్లోబోసాకు 37 దగ్గరే కష్టం. ఇన్ని చేసినా కొన్ని ప్లేట్లు ఎటూ తేలవు. అందుకే ఈ రోజుల్లో పరిశోధనలో నేరుగా డీఎన్‌ఏ చదివి జాతిని తేలుస్తున్నారు. పెద్ద ల్యాబుల్లో మాల్డీ టాఫ్ అనే యంత్రం ప్రోటీన్ల తీరు చూసి పేరు చెబుతుంది. మీకు కల్చర్ చేస్తామన్న ల్యాబ్‌ను నేను అనుమానించడం లేదు. ఈ పరీక్షలన్నీ చేస్తారా, లేక ప్లేటు మీద ఈస్ట్ పెరిగితే మళ్లీ ఫర్‌ఫర్ అని రాసిస్తారా అని మాత్రం ఎవరైనా అడిగి తీరాలి.

అన్నీ సరిగ్గా చేశారనే అనుకుందాం. ఏ జాతి రావచ్చు? స్పెయిన్‌లోని మాలగాలో చేసి 2000లో ప్రచురించిన పరిశీలనలో దాదాపు అందరి మచ్చల్లోనూ గ్లోబోసా దొరికింది. మీరు చదివిన వ్యాసం మూలం అలాంటిదే అయి ఉంటుంది. ఆ తర్వాత చాలా దేశాల్లో గ్లోబోసాకే మొదటి స్థానం వచ్చింది. కానీ 2004లో చెన్నై నుంచి వచ్చిన పరిశీలనలో సింపోడియాలిస్ ఎక్కువగా, గ్లోబోసా దాని తర్వాత కనిపించాయి. కెనడాలోనూ సింపోడియాలిస్ ఎక్కువగా దొరికింది. కొన్ని చోట్ల ఒకే మచ్చలో రెండు జాతులు కలిసి వచ్చాయి. శోభి వెనక ఎక్కువగా ఉన్నది గ్లోబోసా అన్న మాటకు ఆధారం గట్టిగానే ఉంది. అందరిలో, అన్ని చోట్లా అదొక్కటే అనడానికి మాత్రం లేదు.

మీ పోలికలో తేడా ఎక్కడుందో కూడా చెబుతాను, ఇదే నాకు చాలా ముఖ్యం. చెరువులో గ్రీన్ కాలనీలు పెరిగాయంటే రొయ్యకు ముప్పు అని మీరు రైతును హెచ్చరిస్తారు. చర్మం మీద లెక్క వేరు. గ్లోబోసా మచ్చ లేని చర్మం మీదా ఉంటుంది. మీ మచ్చ పక్కన ఉన్న మంచి చర్మం మీదా ఉంటుంది, ఈ ఉత్తరం రాస్తున్న నా నుదుటి మీదా ఉంటుంది. పుట్టిన కొద్ది వారాల్లోనే మనతో చేరి జీవితాంతం ఉండిపోయే ఈస్ట్ ఇది. కాబట్టి మచ్చ నుంచి తీసిన ప్లేటు మీద ఒక జాతి పెరిగినంత మాత్రాన దోషి అదే అని తేల్చలేం. ఊళ్లో అందరూ వచ్చే పెళ్లిలో గొలుసు పోతే, ఫలానావాడు పందిట్లో ఉన్నాడు అన్నది సాక్ష్యం కాదు కదా. మరి మచ్చ ఎప్పుడు వస్తుంది? గుండ్రటి గింజలా ఊరికే ఉన్న ఈస్ట్ పోగులుగా మారి చర్మం పై పొరలోకి పాకినప్పుడు. ఎండ, ఉక్క, చెమట, జిడ్డు, ఒంటికి అతుక్కునే బట్టలు, స్టెరాయిడ్ మందులు దాన్ని అటు తోస్తాయి. కొన్ని కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే మాకు జాతి పేరు కన్నా స్లైడు మీద పోగులు కనిపించడమే పెద్ద రుజువు. మీ డాక్టర్ గారు చేయించిన చవక పరీక్షే ఇక్కడ సరైన పరీక్ష. ఇదే ప్రజాతిలోని రెస్ట్రిక్టా, గ్లోబోసాలకు చుండ్రుతో సంబంధం ఉంది. అక్కడ కూడా రోగికి కల్చర్ చేయించరు, మందు ఇస్తారు.

జాతిని తేల్చి తీరాల్సిన సందర్భాలూ ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు రక్తనాళంలోకి గొట్టం వేసి కొవ్వు ద్రవం ఎక్కిస్తారు. కొవ్వు అంటే ప్రాణం పెట్టే ఈ ఈస్ట్ ఆ గొట్టంలో చేరితే రక్తంలోకి వెళ్తుంది. 1998లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధన నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. నవజాత శిశువుల వార్డులో పిల్లలకు పాకిడెర్మాటిస్ జాతి సోకుతోంది. అది మనుషుల చర్మం మీద సాధారణంగా ఉండేది కాదు, కుక్కల చెవుల్లో ఉండేది. వెతికితే సిబ్బంది ఇళ్లలోని పెంపుడు కుక్కల నుంచి వాళ్ల చేతుల మీదుగా వార్డులోకి వచ్చి ఉంటుందని తేల్చారు. అక్కడ జాతి పేరు తెలియకపోతే దారి దొరికేది కాదు, చేతులు కడుక్కోవడం మీద అంత పట్టు పట్టేవారూ కాదు. మీ వీపు మీది మచ్చకు ఆ అవసరం లేదు.

సరే, మందు పనిచేస్తే మచ్చలు ఆరు వారాలైనా ఎందుకు పోలేదు? ఇక్కడే చాలామంది నిరాశపడి మందు మార్చేస్తారు. ఈ ఈస్ట్ చర్మం మీది నూనెను తిని విడిచే పదార్థాల్లో అజెలాయిక్ ఆమ్లం లాంటివి ఉంటాయి. అవి చర్మానికి రంగునిచ్చే కణాల పనిని అడ్డుకుంటాయి. మచ్చ తెల్లబడటానికి అదొక కారణమని భావిస్తున్నారు. మందు ఈస్ట్‌ను కొన్ని రోజుల్లోనే చంపుతుంది. రంగు మాత్రం చర్మం మళ్లీ తయారుచేసుకోవాలి, దానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. మీరు సాంపిల్స్ కోసం చెరువు గట్ల మీద ఎండలో తిరుగుతారు కాబట్టి చుట్టూ ఉన్న చర్మం ఇంకా నల్లబడి, తెలుపు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ తవుడు దగ్గరికి రండి. స్నానానికి ముందు, ఒళ్లు పొడిగా ఉన్నప్పుడు ఒక మచ్చను రెండు వేళ్లతో కాస్త సాగదీసి గోరుతో మెల్లగా గీరండి. తవుడులా పొట్టు రాలితే జబ్బు ఇంకా బతికే ఉంది. ఏమీ రాలకుండా నున్నగా, ఊరికే తెల్లగా ఉంటే ఈస్ట్ పోయింది, రంగు రావాల్సి ఉంది. రెండో రకమైతే ఇంకే మందూ వద్దు, ఓపిక పట్టండి. మొదటి రకమైతే మందు వాడిన తీరు చూసుకోవాలి.

చాలామంది కనిపించే మచ్చ మీద మాత్రమే క్రీము అద్దుతారు. కనిపించని చోట మొలకెత్తుతున్న ఈస్ట్ అలాగే మిగులుతుంది. అందుకే వీపు నిండా వచ్చినప్పుడు షాంపూ మంచిది. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ అయితే మెడ నుంచి నడుము దాకా, భుజాలు, పై చేతులతో సహా తడి ఒంటి మీద రాసి ఐదు నిమిషాలు ఉంచి కడిగేయాలి. వరసగా మూడు నుంచి ఐదు రోజులు చాలు. సెలీనియం సల్ఫైడ్ 2.5 శాతం అయితే పది నిమిషాలు ఉంచి, వారం రోజులు చేయాలి. వీపు మధ్యకు చెయ్యి అందదు, ఇంట్లో ఎవరినైనా రాయమనండి. తలలోనూ ఆ రోజుల్లో అదే షాంపూ వాడండి, ఈస్ట్‌కు తల మంచి నివాసం.

మరీ ఎక్కువగా ఉంటే ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్ మాత్రలు ఉన్నాయి. అవి డాక్టర్ గారు మీ లివరు, గుండె, మీరు వాడే ఇతర మందుల సంగతి తెలుసుకుని రాయాలి. తామరకు బాగా పనిచేసే టెర్బినాఫిన్ మాత్ర శోభికి పనిచేయదు, గ్రిసియోఫుల్విన్ కూడా అంతే. తామర మందు కదా అని షాపులో ఇస్తే తీసుకోవద్దు. కీటోకొనజోల్ మాత్రలు ఇప్పుడు దీనికి వాడకూడదు, లివరుకు ప్రమాదం.

మొదట మీరు రాసిన ట్యూబ్ పెట్టె ఇంకా ఉంటే వెనక వైపు పేర్లు చదవండి. దురద తగ్గి మచ్చలు పాకాయి అంటున్నారు కాబట్టి అందులో క్లోబెటాసాల్, బెక్లోమెథాసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఫంగస్ మందుతో స్టెరాయిడ్ కలిపి అమ్మే ఈ ట్యూబులు మన దగ్గర చర్మ వ్యాధులను ఎంత పాడుచేశాయో చెప్పలేను. ఎర్రదనం, దురద అణిగిపోతాయి, నయమైందని అనిపిస్తుంది, కింద ఫంగస్ హాయిగా పెరుగుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి. అది మళ్లీ ముట్టుకోకండి, ఇంట్లో ఉంటే పారేయండి.

శోభి మళ్లీ వస్తుందా అంటే, చాలామందికి వస్తుంది. ఈస్ట్ మన ఒంటి మీదిదే కాబట్టి దాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టలేం, అదుపులో ఉంచగలం అంతే. మార్చి మొదట్లో, ఉక్క మొదలయ్యే ముందే, నెలకు ఒకటి రెండుసార్లు అదే షాంపూ ఒంటికి రాసి కడగండి, వానాకాలం అయ్యేదాకా అలా చేయండి. గట్టు మీద నుంచి వచ్చాక చెమట చొక్కాతో అలాగే కూర్చోకండి. ఒంటికి నూనె మర్దనా చేసుకునే అలవాటుంటే ఆ నెలల్లో మానేయండి. ల్యాబ్‌లో దీన్ని పెంచడానికి మేం ప్లేటు మీద నూనె పోస్తామని చెప్పాను కదా.

అమ్మగారి పథ్యం గురించి. బ్రెడ్డు ఈస్ట్ వేరు, ఇది వేరు. ఇది వంశంలో పుట్టగొడుగుల వైపుది, బ్రెడ్డు ఈస్ట్ ఆ వైపు కాదు. ఇది మీ చర్మం మీది నూనె తింటుంది, మీ కంచంలోది కాదు. దోసెలు పులిసినవైనా, పులియనివైనా హాయిగా తినండి. బొల్లి మచ్చ పాల తెలుపులో ఉంటుంది, గీరితే పొట్టు రాలదు, పెదవులు, వేళ్ల చివర్లు, కళ్ల చుట్టూ ఎక్కువగా మొదలవుతుంది. మీవి అలాంటివి కావు. అన్నట్టు బొల్లి కూడా అంటుకునేది కాదు, దానికి అంత భయపడాల్సిన పనీ లేదు. ఇంకొక్క సంగతి మాత్రం ప్రతి పాఠకుడికీ చెబుతాను. తెల్లబడిన మచ్చ మీద స్పర్శ తగ్గితే, దూదితో తాకితే తెలియకపోతే, అది శోభి అనుకుని ఊరుకోకూడదు. కుష్టు కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకుంటే మందు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది. మీకు దురద ఉంది, స్పర్శ బాగానే ఉన్నట్టుంది, స్లైడు రుజువు ఉంది. మీ విషయంలో ఆ అనుమానం లేదు.

సంబంధాల గురించి మీరు దాచాల్సింది ఏమీ లేదు. ఎవరైనా అడిగితే శోభి అని, ఎండాకాలంలో వస్తుందని, ఒకరి నుంచి ఒకరికి అంటదని చెప్పండి. మీ తువ్వాలు వాడినా, మీ పక్కన పడుకున్నా ఎవరికీ రాదు. వాళ్ల ఒంటి మీద ఈ ఈస్ట్ ఎప్పటి నుంచో ఉంది.

రెండు నెలల తర్వాత కూడా గీరితే పొట్టు రాలుతూ ఉంటే మీ డాక్టర్ గారి దగ్గరికి మళ్లీ వెళ్లి ఇంకోసారి స్లైడు తీయమని అడగండి. కల్చర్ అడగొద్దు, స్లైడు అడగండి.

మీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ఉంది, మెథిలీన్ బ్లూ కూడా ఉండే ఉంటుంది. వచ్చే వేసవిలో ఒక్క మచ్చ కనిపించినా, మందు మొదలుపెట్టే ముందు, తేటగా ఉండే సెలోటేప్ ముక్కను దాని మీద గట్టిగా అద్ది తీయండి. స్లైడు మీద ఒక చుక్క మెథిలీన్ బ్లూ వేసి, టేపును దాని మీద అతికించి 40 లెన్సు కింద చూడండి. నీలం రంగులో సేమియా, సగ్గుబియ్యం కనిపిస్తాయి. మీ యజమానిని అడిగి ఒక ఆదివారం అమ్మగారిని ల్యాబ్‌కు తీసుకెళ్లండి. స్టూలు వేసి కూర్చోబెట్టి, ఫోకస్ మీరే సరిచేసి, ఆమెను చూడనివ్వండి.